ఐత్వంలో దాక్కున్న రిపోర్టు: తెలుగు వికీలో రెజెక్స్ వడపోత, ఒక కేస్ స్టడీ

పగలంతా నా ఉద్యోగం లాగ్ ఫైళ్లలో, అంటే ప్రోగ్రాములు తమ పనిని రాసుకునే చిట్టాల్లో, తప్పులు వెతకడం. లక్షల లైన్లలోంచి కావలసిన నాలుగు లైన్లు బయటికి లాగాలంటే రెజెక్స్ (అక్షరాల వరసకు ఒక ప్యాటర్న్ రాసి, దానికి సరిపోలేవి వెతికే పద్ధతి) తప్ప దారి లేదు. పన్నెండేళ్లుగా అదే పని. అందుకే ఇంట్లో నోట్లు దాచుకునే నా సొంత వికీకి కూడా శీర్షికల మీద రెజెక్స్ వడపోతలు పెట్టుకున్నప్పుడు, అది అసలు చెప్పుకోదగ్గ పని అనిపించలేదు. ఆ ధీమా ఒక మంగళవారం ఉదయం పావుగంటలో దిగిపోయింది.

అమ్మ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. "ఒరేయ్ చిన్నా, నాన్న పాత రిపోర్టులన్నీ నీ కంప్యూటర్లో ఎక్కించానన్నావు కదా. 2016లో చేయించిన మూడు నెలల షుగర్ టెస్టు ఉందా అని డాక్టరుగారు అడుగుతున్నారు."

"ఉందమ్మా, ఒక్క నిమిషం," అని ఫోన్లో వికీ తెరిచాను. "నాన్న ఫైలు" అని ఒక పేజీ ఉంది. వైద్యం అనే మాటతో మొదలయ్యే నోట్లన్నీ అందులో వరసగా కనపడాలి. 2019 నుంచి ఇటువైపువన్నీ ఉన్నాయి. 2016 లేదు. 2017 లేదు. అసలు 2019కి ముందుది ఒక్కటీ లేదు. అమ్మ లైన్లోనే ఉంది, వెనకాల టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు. టెన్షన్‌లో వడపోత సంగతి వదిలేసి మామూలు సెర్చ్ బాక్సులో "షుగర్" అని కొట్టాను. వచ్చింది: వైద్యం - నాన్న - 2016-08 - షుగర్ రిపోర్టు. ఫొటో పంపాను, ఆ పని అయిపోయింది.

కానీ ఆ శీర్షిక కళ్లముందే "వైద్యం" అని మొదలవుతోంది. నా వడపోత ^వైద్యం. అంటే "శీర్షిక మొదట్లోనే వైద్యం ఉండాలి" అని. మరెందుకు దొరకలేదు?

ముందు సరంజామా ఏమిటో చెప్పాలి. నేను వాడేది టిడ్లీవికీ. జెరమీ రస్టన్ 2004లో మొదలుపెట్టిన వికీ ఇది, మొత్తం ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు. సర్వర్ అక్కర్లేదు, బ్రౌజర్లో తెరిస్తే చాలు. ఒక్కో నోటును టిడ్లర్ అంటారు, దాని శీర్షికే దాని గుర్తింపు. ఒకే శీర్షికతో రెండు నోట్లు ఉండవు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, తర్వాత నన్ను ఇదే కాటేసింది. నా దగ్గర 2,300 పైచిలుకు నోట్లున్నాయి: వంటలు, ఇంటి కాగితాలు, బండి సర్వీసు, నాన్న వైద్యం, చదివిన పద్యాలు. ట్యాగులూ ఉన్నాయి గానీ, ట్యాగు పెట్టడం మర్చిపోతాం, శీర్షిక పెట్టకుండా మాత్రం నోటు సేవ్ చెయ్యం. అందుకే నా వర్గీకరణ అంతా శీర్షిక మొదటి మాట మీదే నడుస్తుంది. టిడ్లీవికీ ఫిల్టర్లలో రెజెక్స్ కోసం ఒక ఆపరేటర్, అంటే ఆదేశపు మాట, ఉంది. ఏ ఫీల్డూ (నోటులోని ఏ భాగమో) చెప్పకపోతే అది శీర్షికనే చూస్తుంది. ముందు ఆశ్చర్యార్థకం పెడితే తిరగేసి, సరిపోలనివాటిని ఇస్తుంది.

కుడి నుంచి కోసుకుంటూ

ఆ రాత్రి కూర్చుని మొదట మామూలు అనుమానితులను పట్టుకున్నాను. శీర్షిక ముందు ఖాళీ స్పేస్ ఉందేమో అని మొదటి గుర్తు ^ తీసేశాను. అప్పుడు వైద్యం అనే మాట ఎక్కడున్నా దొరకాలి. దొరకలేదు. అడ్డగీత తేడానా? నా వడపోతలో అడ్డగీతే లేదు. పెద్దక్షరం, చిన్నక్షరం గోల తెలుగుకి లేదు.

లాగ్ ఫైళ్లలో చేసేదే ఇక్కడా చేశాను. ప్యాటర్న్‌ను కుడి చివర నుంచి ఒక్కొక్క ముక్కా కోసుకుంటూ రావడం. ఎక్కడ దొరకడం మొదలవుతుందో, తప్పు దాని పక్కనే ఉంటుంది.

^వైద్యం దొరకదు.
^వైద్య దొరకదు.
^వైద దొరకదు.
^వై దొరకదు.
^వ దొరికింది.

అంటే వ బాగానే ఉంది, దాని మీద ఉన్న ఐత్వంతోనే పేచీ. రెండు శీర్షికల్లోంచీ, పాతదీ కొత్తదీ, వైద్యం అనే మాట ఒక్కటే కాపీ చేసి పొడవు లెక్కపెట్టించాను. టిడ్లీవికీలో దానికీ ఒక ఆపరేటర్ ఉంది. కొత్తదానికి 6 వచ్చింది. వ, ఐత్వం, ద, పొల్లు, య, సున్న. సరే. పాతదానికి 7.

కంటికి ఒకేలా ఉన్న మాట ఒకచోట ఆరు, ఇంకోచోట ఏడు.

యూనికోడ్‌లో (కంప్యూటర్లలో ప్రతి గుర్తుకీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం) తెలుగు గడి 3072వ సంఖ్య నుంచి 3199 దాకా. ఐత్వానికి అందులో సొంత సంఖ్య ఉంది, 3144. కానీ ఐత్వాన్ని రెండు ముక్కలుగా రాసే ఏర్పాటు కూడా అదే ప్రమాణంలో ఉంది. పైన ఎత్వం, 3142. కింద వేలాడే ముక్క, 3158. ఈ రెండూ పక్కపక్కన పెడితే తెర మీద అచ్చం ఐత్వమే. ఫాంట్‌కి తేడా తెలియదు, మనకీ తెలియదు. యూనికోడ్ ప్రకారం ఈ రెండూ సమానమే. రెజెక్స్ మాత్రం సంఖ్యలను పోలుస్తుంది గానీ బొమ్మను చూడదు. మన గుణింతంలో ఇలా రెండు ముక్కలకు విడిపోయే గుర్తు ఇదొక్కటే. కొమ్ముకి, గుడికి, ఓత్వానికి ఈ బాధ లేదు. అచ్చు ఐ కూడా విడిపోదు. నా "ఐటీ రిటర్ను" నోట్లన్నీ ఏళ్ల తరబడి ఏ లోపమూ లేకుండా దొరుకుతూ వచ్చాయి, అందుకే అనుమానం రాలేదు.

మరి ఆ విడి ముక్కలు ఎలా వచ్చాయి? కీబోర్డు నుంచి కాదు. 2019కి ముందు నా నోట్లన్నీ ఒక పాత మ్యాక్‌బుక్‌లో మామూలు టెక్స్ట్ ఫైళ్లు. ఫైలు పేరే శీర్షిక. వికీకి మారినప్పుడు ఒక చిన్న పైథాన్ స్క్రిప్టుతో ఫోల్డర్‌లోని పేర్లన్నీ చదివి, జేసన్‌గా (డేటాను టెక్స్ట్‌గా రాసే ఒక పద్ధతి) చేసి దిగుమతి చేశాను. ఆ పాత మ్యాక్ డిస్కు హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే ఫైల్ సిస్టమ్‌ది, అంటే ఫైళ్లను దాచే పద్ధతిది. 2017లో కొత్త ఫైల్ సిస్టమ్ వచ్చేదాకా మ్యాకుల్లో మామూలుగా అదే. దానికొక అలవాటుంది: మనం పెట్టిన ఫైలు పేరులో విడదీయగల గుర్తులుంటే, వాటిని విడదీసి దాచుకుంటుంది. నేను "వైద్యం" అని ఆరు సంఖ్యలు ఇస్తే, అది ఏడు తిరిగి ఇచ్చింది. ఫైలు లోపలి మాటల జోలికి పోదు, పేరు ఒక్కటే. అందుకే నోటు లోపల వెతికితే దొరికేవి, శీర్షిక మీద వడకడితే దొరికేవి కావు. "షుగర్"లో ఐత్వం లేదు కాబట్టి ఆ రోజు గండం గడిచింది.

ఆ వేలాడే ముక్క ఏ ఫోన్ కీబోర్డులోనూ నాకు కనపడలేదు. దాన్ని రెజెక్స్‌లో చెప్పాలంటే వెనక్కి వాలిన గీత, యు, ఆ తర్వాత నాలుగు స్థానాల హెక్స్ సంఖ్య (పదికి బదులు పదహారు ఆధారంగా రాసే సంఖ్య) రాయాలి. అలా ఆ ఒక్క ముక్క ఉన్న శీర్షికలన్నీ రప్పించాను. 71 వచ్చాయి. హైదరాబాద్, రైలు, బైక్, పైపులైను, వైఫై పాస్‌వర్డ్, పైకప్పు లీకేజీ. నాలుగేళ్లుగా ఇవన్నీ వికీలోనే ఉన్నాయి, ఏ జాబితాలోనూ లేవు. వైఫై పాస్‌వర్డ్ కోసం రెండుసార్లు రౌటర్ రీసెట్ చేసిన సంగతి గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బాగుచేయబోయి పోగొట్టుకున్నది

తాత్కాలికంగా ఒక మార్గం ఉంది. ప్యాటర్న్‌లో ఐత్వం వచ్చిన ప్రతిచోటా, కుండలీకరణాల్లో నిలువుగీత పెట్టి "కలిసి ఉన్నదైనా సరే, విడి ముక్కలైనా సరే" అని రాయడం. చదరపు బ్రాకెట్లలో రాస్తే కుదరదు, ఎందుకంటే చదరపు బ్రాకెట్ అనేది ఒక్క సంఖ్యకే చోటిస్తుంది, ఇక్కడ రెండో రూపానికి రెండు సంఖ్యలున్నాయి. ఇలా ఒక వడపోత రాసి చూశాను, పనిచేసింది. కానీ ఇలాంటివి నలభై ఉన్నాయి నాకు. పైగా ఆరునెలల తర్వాత అది చదివి ఇదేమిట్రా అని తల గోక్కోవడం ఖాయం. రోగం శీర్షికల్లో ఉంటే మందు వడపోతలకు వెయ్యడం నాకు నచ్చలేదు.

అందుకని శీర్షికలనే మార్చాలనుకున్నాను. దీనికి నార్మలైజేషన్ అని పేరు. విడిపోయినవాటిని కలిపే రూపాన్ని ఎన్‌ఎఫ్‌సీ అంటారు. పైథాన్‌లోనూ జావాస్క్రిప్ట్‌లోనూ ఒక్క లైను పని. వికీ మొత్తాన్ని జేసన్‌గా ఎగుమతి చేసి, ఆసాంతం ఎన్‌ఎఫ్‌సీకి మార్చి, మళ్లీ దిగుమతి చేశాను. శీర్షికలు ఒక్కటే కాకుండా ఫైలంతా ఎందుకంటే, నోట్ల లోపల ఒకదాని నుంచి ఇంకోదానికి లింకులుంటాయి. శీర్షిక మారి లింకు మారకపోతే లింకులు తెగిపోతాయి.

తర్వాత, పాత విడి ముక్కల శీర్షికలు ఇంకా అక్కడే ఉన్నాయి. టిడ్లీవికీ దృష్టిలో అవి వేరే నోట్లు మరి. వేలాడే ముక్క వడపోతతో 71నీ ఎంచి తీసేశాను. జాబితా సున్నా అయింది. "నాన్న ఫైలు" తెరిస్తే 2014 నుంచి అన్నీ వరసగా ఉన్నాయి. సంతోషంగా పడుకున్నాను.

రెండు రోజుల తర్వాత బండి సర్వీసుకి ఇచ్చి, కిలోమీటర్లు రాద్దామని "బైక్ సర్వీసు" తెరిచాను. అందులో చివరి ఎంట్రీ 2018ది.

జరిగింది ఇదీ. నా దగ్గర రెండు "బైక్ సర్వీసు" నోట్లుండేవి. ఒకటి మ్యాక్ నుంచి వచ్చిన పాతది, విడి ముక్కలది. రెండోది, పాతది జాబితాలో కనపడక 2020లో నేనే కొత్తగా మొదలుపెట్టింది. నిన్నటిదాకా రెండూ వేరు వేరు. ఎన్‌ఎఫ్‌సీకి మార్చగానే రెండింటికీ ఒకే శీర్షిక. ఒకే శీర్షికతో రెండు నోట్లు ఉండవు కదా. జేసన్‌లో తర్వాత వచ్చినది ముందు వచ్చినదాన్ని మింగేసింది. తర్వాత వచ్చింది పాతది.

ఇలాంటి జంటలు నాలుగు తేలాయి. ఎగుమతి చేసిన అసలు జేసన్‌ను చెరపలేదు కాబట్టి బతికిపోయాను. రెండోసారి చేసినప్పుడు స్క్రిప్టులో ముందు ఒక లెక్క పెట్టాను: మార్చకముందు ఎన్ని వేర్వేరు శీర్షికలు, మార్చాక ఎన్ని. రెండూ సమానం కాకపోతే ఆగిపో, జంటల పేర్లు చూపించు. ఆ నాలుగింటినీ చేత్తో కలిపాను. ఆఫీసులో డేటాబేస్ మార్పులకు ఈ లెక్క లేకుండా ఎవరైనా వస్తే నేనే వెనక్కి పంపిస్తాను. ఇంటి పని కదా అని నాకు నేను మినహాయింపు ఇచ్చుకున్నాను.

కనపడని మరో సంఖ్య

ఐత్వం సంగతి తేలాక అనుమానం పట్టుకుంది: ఇలా ఇంకేం దాక్కున్నాయి? 3072కీ 3199కీ మధ్య లేనివీ, అంకెలూ స్పేసులూ మామూలు గుర్తులూ కానివీ ఏవైనా శీర్షికల్లో ఉన్నాయా అని వడకట్టాను. కుప్పలుగా వచ్చాయి. దాదాపు అన్నీ ఒకటే, 8204.

తెలుగులో టైపు చేసేవాళ్లందరికీ ఇది తెలియకుండానే పరిచయం. "నోట్‌బుక్" అని రాయాలంటే ట తర్వాత పొల్లు నిలబడాలి. అలా నిలబడకపోతే పక్కనున్న బ ఒత్తుగా మారి "నోట్బుక్" అవుతుంది. ఆ రెండింటినీ విడిగా ఉంచడానికి మధ్యలో వెడల్పే లేని ఒక గుర్తు వేస్తారు. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే వేస్తాయి, కొన్నిటిలో మనం వెయ్యాలి. నా ఫోన్లో రాసిన "హార్డ్‌డిస్క్"లో అది ఉంది, ల్యాప్‌టాప్‌లో రాసిన దానిలో లేదు. ఇక్కడ కనీసం కంటికి తేడా తెలుస్తుంది. మాట చివర పొల్లు తర్వాత, స్పేసుకి ముందు ఇది పడితే మాత్రం దేవుడికే తెలియాలి. "బ్యాంక్" అని రాసి, వెనక ఇదొకటి తగిలించి ఉంటే కంటికి ఏ తేడా ఉండదు. నాకు అలాంటివి ముప్పై దాకా ఉన్నాయి.

ఎన్‌ఎఫ్‌సీ దీని జోలికి పోదు. అన్నిచోట్లా తీసేద్దామా అంటే "ఫేస్‌బుక్" కాస్తా "ఫేస్బుక్" అయిపోతుంది, చూడ్డానికి బాగోదు. ప్యాటర్న్‌లో "ఉన్నా సరే లేకపోయినా సరే" అని ప్రశ్నార్థకం పెట్టొచ్చు: నోట్‌?బుక్. ఇది పనిచేస్తుంది కూడా. కానీ చూడండి, అక్కడ ప్రశ్నార్థకం వర్తించేది కనపడని గుర్తుకి. చదివేవాడికి పొల్లుకి వర్తిస్తున్నట్టు ఉంటుంది. ఎవరైనా ఆ లైనును తిరిగి టైపు చేస్తే నిజంగానే పొల్లుకి వర్తిస్తుంది, అర్థమే మారిపోతుంది. కనపడని దాని మీద ఆధారపడి ప్యాటర్న్ రాయకూడదని అక్కడే మానేశాను.

చివరికి చేసింది ఇది. మాట చివర, స్పేసు ముందు, శీర్షిక చివర ఉన్న 8204లను పూర్తిగా తీసేశాను, అవి అక్కడ చేసే పని ఏదీ లేదు. మాట మధ్యలో ఉన్నవాటిని ఉంచాను. దాంతోపాటు ప్రతి నోటుకీ ఒక అదనపు ఫీల్డ్ పెట్టి, అందులో శీర్షికనే 8204 లేకుండా నింపాను. వడపోతలు ఇప్పుడు శీర్షికను కాక ఆ ఫీల్డ్‌ను చూస్తాయి. రెజెక్స్ ఆపరేటర్‌కి ఫీల్డ్ పేరు తగిలించడమే.

పన్నులూ పళ్లూ

ఇక మిగిలినవి యూనికోడ్ తప్పులు కావు, నావే.

ఇంగ్లీషు లాగుల్లో మాట హద్దు కోసం నేను వాడే గుర్తు ఒకటుంది, వెనక్కి వాలిన గీతా, బీ. జావాస్క్రిప్ట్‌లో దానికి తెలిసిన అక్షరాలు ఇంగ్లీషువే, అంకెలూ అండర్‌స్కోరూ. తెలుగు మొత్తం దాని దృష్టిలో విరామచిహ్నాల సమానం. అందుకని "కారు" కోసం పెట్టిన వడపోతలో దాన్ని తీసేసి ఒట్టి మాట పెడితే "సర్కారు భూమి రికార్డు" కూడా వచ్చి కూర్చుంది. హద్దును మనమే చెప్పుకోవాలి: (^| )కారు( |$). ముందు శీర్షిక మొదలో స్పేసో, వెనక స్పేసో శీర్షిక చివరో. అందంగా లేదు, కానీ నమ్మకంగా పనిచేస్తుంది.

"పన్ను" మరీ చిత్రం. మున్సిపాలిటీకి కట్టేది కావాలని వడకడితే "నాన్న పన్ను నొప్పి", "పన్ను పీకించిన బిల్లు" కూడా వచ్చాయి. దీనికి ఏ రెజెక్సూ మందు కాదు. ఇప్పుడు కట్టేవాటికి "ఇంటి పన్ను" అని, నోట్లోవాటికి "పళ్లు" అని పేరు పెడుతున్నాను. "ఇల్లు" అని వెతికితే "ఇంటి పన్ను" రాదన్నది ఇంకో తలనొప్పి. విభక్తి చేరబోతే మాటే మారిపోయే భాష మనది: ఇల్లు ఇంటి, ఊరు ఊరి, కన్ను కంటి. అందుకని ^(ఇల్లు|ఇంటి). ఇక్కడ కుండలీకరణాలు మర్చిపోయి ^ఇల్లు|ఇంటి అని రాశాను మొదట. అప్పుడు ^ మొదటి మాటకే అంటుకుంటుంది, రెండోది శీర్షికలో ఎక్కడున్నా చాలు. "అత్తయ్య వాళ్ల ఇంటి పూజ ఖర్చు" నా ఇంటి కాగితాల్లోకి వచ్చింది.

తెలుగులో ఉన్న శీర్షికలన్నీ వేరుచేద్దామని ^[అ-హ]+$ అని పెడితే మూడే మూడు వచ్చాయి: వడ, పనస, అటక. అ నుంచి హ వరకు అచ్చులూ హల్లులే. గుణింతపు గుర్తులు వాటి తర్వాత, సున్న వాటికి ముందు ఉన్నాయి. ఏ కొమ్మూ గుడీ లేని మాటలు ఆ మూడే. అరసున్న నుంచి తెలుగు తొమ్మిది వరకు, అంటే 3073 నుంచి 3183 దాకా, స్పేసుతో కలిపి తీసుకుంటే సరిపోయింది.

దీంట్లో టిడ్లీవికీ పెట్టే ఒక మెలిక ఉంది, కొత్తవాళ్లందరూ ఇక్కడ పడతారు. దాని ఫిల్టర్ భాషే చదరపు బ్రాకెట్లతో రాసేది. ప్యాటర్న్‌లో [0-9] లాంటిది నేరుగా రాస్తే, లోపలి బ్రాకెట్ మూసుకోగానే ఫిల్టర్ తన బ్రాకెట్టే మూసుకుందనుకుంటుంది, మిగతాది అర్థంకాక ఎర్రర్ ఇస్తుంది. ప్యాటర్న్‌ను ముందు ఒక వేరియబుల్‌లో పెట్టుకుని, ఫిల్టర్‌లో ఆ వేరియబుల్ పేరు కోణపు బ్రాకెట్లలో ఇవ్వాలి. నా ప్యాటర్న్‌లన్నీ ఇప్పుడు ఒకే నోటులో వేరియబుల్స్‌గా ఉన్నాయి. దానివల్ల ఇంకో లాభం, నలభై వడపోతలు ఒకేచోట కనపడేసరికి అందులో పదిహేను అక్కర్లేదని తేలింది.

ఈ రిపేరంతటిలో నాకు బాగా పనికొచ్చినది మాత్రం ఒక చిన్న పేజీ. పేరు "బయట పడ్డవి". నా వడపోతల్లో ఏ ఒక్కదానికీ దొరకని నోట్లన్నిటినీ చూపిస్తుంది. ప్రతి ప్యాటర్న్‌కీ ముందు ఆశ్చర్యార్థకం పెట్టి వరసగా గుచ్చడమే. వడపోత ఏం పట్టుకుందో అందరం చూస్తాం, అది ఏం వదిలేసిందో చూపించే పేజీ నాకు నాలుగేళ్లు లేదు. మొదటి రోజు 190 దాకా ఉన్నాయి, ఇప్పుడు వారానికి రెండో మూడో.

మొన్న ఆదివారం ఒకటే ఉంది. చెల్లి ఎక్కించిన నాన్న కొత్త రిపోర్టు. పొడవు ఆపరేటర్, వేలాడే ముక్క, 8204, అన్నీ చూశాను, ఏ లోపమూ లేదు. పది నిమిషాల తర్వాత కనపడింది: "వైధ్యం" అని రాసింది, ద బదులు ధ. ఫోన్ చేసి చెప్పాను.

"నీ కంప్యూటర్‌కి అంత పట్టింపు అయితే నువ్వే మార్చుకో అన్నయ్యా," అంది. ప్యాటర్న్‌ను ^వై(ద్యం|ధ్యం) చేశాను.